ఎలుకలో పెరిగిన మనిషి కణితి: దేనికి నమ్మాలి, ఎక్కడ మరో నమూనా వెతుక్కోవాలి

క్యాన్సర్ పరిశోధనలోకి కొత్తగా వచ్చిన విద్యార్థి, తన మందును దేని మీద పరీక్షించాలని అడిగినప్పుడు, సాధారణంగా రెండు రకాల సలహాలు వింటాడు. రోగి నుంచి తీసిన కణితి ముక్కను రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకలో నాటి పెంచే పద్ధతి, అంటే ప్రయోగశాలల్లో అందరూ పీడీఎక్స్ అని పిలిచేది, మనిషికి అన్నిటికంటే దగ్గరి నమూనా అని ఒకరంటారు. ఎలుకల్లో నయమైన క్యాన్సర్లన్నీ మనుషుల్లో నయమై ఉంటే ఈపాటికి ఆంకాలజీ వార్డులు ఖాళీగా ఉండేవని మరొకరంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది కాబట్టి, రెండింటిలో దేన్ని పట్టుకున్నా విద్యార్థికి దారి దొరకదు. పీడీఎక్స్ ఎంత నమ్మదగినది అని అడిగితే జవాబు రాదు. ఏ ప్రశ్నకు నమ్మదగినది అని అడిగితే వస్తుంది, అదీ చాలావరకు స్పష్టంగానే వస్తుంది.

ఈ పద్ధతికి తెలుగులో అంటు కట్టడం అన్న మాట చక్కగా సరిపోతుంది. టెంక నుంచి మొలిచిన నాటు మామిడి మొక్క మీద బంగినపల్లి కొమ్మను అంటు కడితే కాసేది బంగినపల్లే. అయినా ఆ చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో, ఉప్పు నేలను ఎంతవరకు తట్టుకుంటుందో అన్న విషయాల్లో కింది మొక్కకూ గట్టి వాటా ఉంటుంది. పీడీఎక్స్‌లో కణితి కణాలు, వాటి డీఎన్‌ఏలో ఉన్న ఉత్పరివర్తనలు పైకొమ్మతో వచ్చినవి. రక్తనాళాలు, ఆధార కణజాలం, హార్మోన్లు, వృద్ధి కారకాలు, మందును మార్చే ఎంజైములు వేరు నుంచి, అంటే ఎలుక నుంచి వచ్చినవి. మీరు అడగబోయే ప్రశ్నకు జవాబు పైకొమ్మలో ఉందా, వేరులో ఉందా అన్నది ముందుగా తేల్చుకుంటే ఎంపికలో సగం పని అయిపోయినట్టే.

వేరు ఎలా తయారైంది

పరాయి కణజాలాన్ని ఏ ఆరోగ్యకరమైన జంతువైనా తిప్పికొడుతుంది. ఆ అడ్డంకి తొలగడానికి దారి చూపింది వెంట్రుకలు లేని ఒక ఎలుకల వంశం. నూడ్ మౌస్ అని పిలిచే ఆ వంశాన్ని ఫ్లానగన్ 1966లో వర్ణించగా, టీ కణాలనే రోగనిరోధక కణాలు ఎదిగే థైమస్ గ్రంథి దానికి లేదని 1968లో పాంటెలౌరిస్ గుర్తించారు. మరుసటి ఏడాదే కోపెన్‌హేగన్‌లో రైగార్డ్, పౌల్సెన్ అనే ఇద్దరు పరిశోధకులు మనిషి పెద్దపేగు క్యాన్సర్‌ను ఆ ఎలుకలో పెంచగలిగారు. నూడ్ ఎలుకలో టీ కణాలు మాత్రమే లోపిస్తాయి. 1983లో బోస్మా బృందం వెల్లడించిన స్కిడ్ ఎలుకలో టీ కణాలూ, ప్రతిదేహాలు తయారుచేసే బీ కణాలూ రెండూ లేవు. 2000 తర్వాత జపాన్‌లో తయారైన ఎన్‌ఓజీ, అమెరికాలోని జాక్సన్ లాబొరేటరీలో తయారైన ఎన్‌ఎస్‌జీ వంశాల్లో సహజ హంతక కణాలు కూడా లేకుండా పోయాయి. అంటు బాగా పట్టడం కోసం ఎలుక నుంచి రోగనిరోధక వ్యవస్థను ఒక్కో పొరగా ఒలుచుకుంటూ వచ్చారన్నమాట. అలా ఒలిచేసిన భాగం మీదే పనిచేసే మందులను అదే ఎలుకలో పరీక్షించబోవడం ఎంత విడ్డూరమో చెప్పనక్కరలేదు గానీ, ఆ పొరపాటుతో మొదలయ్యే ప్రతిపాదనలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి.

సెల్ లైనా, రోగి కణితా

ఎక్కువమంది ముందున్న మొదటి ఎంపిక ఇదే. సెల్ లైన్‌ను, అంటే దశాబ్దాలుగా ప్లాస్టిక్ పాత్రలో పెరుగుతూ వస్తున్న కణాల వంశాన్ని, ఎలుక చర్మం కింద ఎక్కిస్తే రెండు మూడు వారాల్లో కణితి వస్తుంది, ఖర్చు తక్కువ, ఫలితం ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుంది. అయితే ప్లాస్టిక్ మీద బతకడం నేర్చుకున్న కణాలే ఆ సెల్ లైన్‌లో మిగిలాయి. దానికి తోడు, వాటి గుర్తింపు కూడా ఎప్పుడూ నమ్మదగినది కాదు. రొమ్ము క్యాన్సర్ నమూనాగా ఏళ్ల తరబడి వాడిన ఎండీఏ-ఎంబీ-435 నిజానికి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణమని తేలింది. 1960ల్లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఒక రోగి మెదడు కణితి నుంచి తీసిన యూ87 పేరిట ప్రపంచమంతా పంపిణీ అయిన సెల్ లైన్ ఆ రోగిది కాదని 2016లో డీఎన్‌ఏ పోలిక బయటపెట్టింది.

పీడీఎక్స్‌లో కణితి ప్లాస్టిక్‌ను తాకకుండా రోగి నుంచి ఎలుకకు, ఎలుక నుంచి మరో ఎలుకకు వెళ్తుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే గ్రంథుల అమరిక, కణాల వైవిధ్యం మూల కణితిని పోలి ఉంటాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ తన ఔషధ పరీక్షల్లో దశాబ్దాలుగా వాడిన 60 సెల్ లైన్ల సముదాయం నుంచి రోగి కణితుల నమూనాల వైపు మళ్లుతున్నట్టు 2016లో ప్రకటించడానికి కారణం ఇదే. అయినా సెల్ లైన్‌ను తీసి పారేయమని నేను చెప్పను. ఒక జన్యువును తొలగిస్తే ఏమవుతుందో, మందు కణితిలోకి చేరి తన లక్ష్యాన్ని అడ్డుకుంటున్నదో లేదో, ఏ మోతాదును ఎలుక తట్టుకుంటుందో తెలుసుకోవడానికి, డీఎన్‌ఏ గుర్తింపు పరీక్ష చేసిన సెల్ లైన్ చాలు. అక్కడ పీడీఎక్స్ వాడడం డబ్బునూ ఎలుకలనూ వృథా చేయడమే. ఈ మందు ఏ రకం రోగుల్లో పనిచేస్తుంది అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం రెండు మూడు సెల్ లైన్లతో సరిపెట్టుకోవడం తగదు.

అంటు మూలాన్ని పోలి ఉంటుందా

ఈ రంగంలో అన్నిటికంటే ఆసక్తికరమైన వివాదం ఇక్కడే జరిగింది. 2017లో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 24 రకాల క్యాన్సర్లకు చెందిన 1,110 పీడీఎక్స్ నమూనాలను విశ్లేషించి, ఎలుక నుంచి ఎలుకకు మారే కొద్దీ క్రోమోజోమ్ భాగాల కాపీల సంఖ్య మారుతోందని, ఆ మార్పు రోగి శరీరంలో కనిపించే దిశలో లేదని ప్రకటించారు. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో 7వ క్రోమోజోమ్ అదనపు కాపీ దాదాపు ఆ జబ్బుకు గుర్తు లాంటిది; ఎలుకలో పెరిగే కొద్దీ కణితులు ఆ అదనపు కాపీనే పోగొట్టుకుంటున్నాయని వారు చూపించారు. మనిషిలో బతకడానికి అవసరమైనది ఎలుకలో అవసరం కాకపోవచ్చన్న ఈ వాదన పీడీఎక్స్‌ల మీద అప్పటివరకు ఉన్న ధీమాను గట్టిగా కదిలించింది.

2021లో అమెరికా, యూరప్‌లలోని పీడీఎక్స్ కన్సార్టియంలు కలిసి 509 నమూనాలకు చెందిన 1,451 ఎలుక, రోగి కణితులను పరిశీలించి దాదాపు వ్యతిరేకమైన నిర్ధారణకు వచ్చాయి. మొదటి అధ్యయనంలో చాలా నమూనాలకు కాపీల సంఖ్యను జన్యు వ్యక్తీకరణ, అంటే ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందన్న సమాచారం నుంచి పరోక్షంగా ఊహించారు. రోగి కణితిలో మనిషి ఆధార కణాలు కలిసి ఉంటాయి, ఎలుకలో అవి ఉండవు. ఆ తేడా ఒక్కటే వ్యక్తీకరణను మార్చి, లేని మార్పును ఉన్నట్టు చూపగలదు. నేరుగా డీఎన్‌ఏ కొలిచినప్పుడు పోలిక బాగా నిలిచింది. రోగి కణితికీ ఎలుక కణితికీ మధ్య కనిపించిన తేడా, ఒకే రోగి కణితిలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన ముక్కల మధ్య ఉండే తేడాకు మించలేదు. మారిన చోట్ల క్యాన్సర్‌కు సంబంధించిన జన్యువులు ప్రత్యేకంగా పోగుపడలేదు.

రెండింటిలో రెండవదే నాకు బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది ప్రశ్నకు తగిన కొలతను వాడింది. అలాగని దాన్ని హామీపత్రంగా తీసుకోకూడదు. వందల నమూనాల సగటు బాగుండడం వల్ల మీ ఫ్రీజర్‌లోని ఒక్క నమూనా బాగుందని తేలదు. పైగా రెండు అధ్యయనాలూ ప్రధానంగా చూసింది కాపీల సంఖ్యనే. 2015లో కెనడాలో రొమ్ము క్యాన్సర్ అంటులను ఒక్కో కణం స్థాయిలో పరిశీలించినప్పుడు, మొదటిసారి అంటు పట్టేటప్పుడే ఎంపిక జరుగుతున్నదని, కొన్ని కణితుల్లో రోగిలో మైనారిటీగా ఉన్న క్లోన్, అంటే ఒకే కణం నుంచి పుట్టిన కణాల గుంపు, ఎలుకలో దాదాపు కణితి అంతా ఆక్రమించిందని తేలింది. ఒకే కణితిని వేర్వేరు ఎలుకల్లో పెట్టినప్పుడు చాలాసార్లు అవే క్లోన్లు పైకి రావడం చూస్తే, ఇది కేవలం యాదృచ్ఛికం కాదని, ఎలుక వాతావరణానికి తగిన కణాలు గెలుస్తున్నాయని అనుకోవాలి. కాబట్టి భయపడవలసిన గెంతు ఐదో ఎలుక నుంచి ఆరో ఎలుకకు జరిగేదానికంటే, రోగి నుంచి మొదటి ఎలుకకు జరిగేది. రోగి మూల కణితి డీఎన్‌ఏ సమాచారం లేకుండా అమ్మే పీడీఎక్స్‌ను, అది ఎంత తక్కువ పాసేజ్‌దైనా, అంటే ఎంత తక్కువసార్లు ఎలుక నుంచి ఎలుకకు మారినదైనా, నేను రెండవ స్థానంలోనే ఉంచుతాను.

ఇంకో ఎంపిక మనం చేయకముందే జరిగిపోతుంది. అన్ని కణితులూ అంటు పట్టవు. పెద్దపేగు క్యాన్సర్లలో సగానికి పైగా పట్టడం మామూలే. ఈస్ట్రోజెన్ హార్మోన్ సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ ఉన్న రొమ్ము క్యాన్సర్లలో, ప్రొస్టేట్ క్యాన్సర్‌లో పట్టేవి చాలా తక్కువ. ఒకే జబ్బులో కూడా దూకుడుగా పెరిగే కణితులే ఎక్కువగా పడతాయి, అంటు పట్టిన రోగుల్లో జబ్బు తిరగబెట్టే అవకాశమూ ఎక్కువగా కనిపించింది. అంటే ఏ పీడీఎక్స్ సేకరణ అయినా ఆ జబ్బున్న రోగులందరి జాబితా కాదు. వారిలో జబ్బు తీవ్రంగా ఉన్నవారి వైపు ఒరిగిన జాబితా.

ఎలుక నుంచి వచ్చేవి, ఎలుకలో రానివి

కొన్ని పాసేజ్‌లు గడిచేసరికి మనిషి ఆధార కణాలు, రక్తనాళాలు అన్నీ పోయి వాటి స్థానంలో ఎలుకవి వస్తాయి. కణితి కణానికీ దాని ఇరుగుపొరుగుకూ మధ్య నడిచే సంభాషణ ఇక రెండు భాషల్లో జరుగుతుంది, అందులో కొన్ని మాటలు అర్థమవుతాయి, కొన్ని కావు. ఎలుకలోని ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత అణువు మనిషి కణం మీద పనిచేయదు. ఎలుకలోని హెచ్‌జీఎఫ్ అనే వృద్ధి కారకం, దాన్ని అందుకోవలసిన మనిషి మెట్ రిసెప్టర్‌ను సరిగా ప్రేరేపించలేదు. ఆ మార్గం మీద మందు తయారుచేసేవారు మనిషి హెచ్‌జీఎఫ్ జన్యువు చొప్పించిన ఎలుకలను వాడవలసి వచ్చింది. మీ మందు లక్ష్యం రిసెప్టర్ అయితే, దాన్ని తట్టే అణువు ఎలుక నుంచి వస్తుందా, వస్తే మనిషి రిసెప్టర్‌కు అతుకుతుందా అన్నది ప్రయోగం మొదలుపెట్టేముందే చూసుకోవాలి. అతకని చోట మందు విఫలమైతే తప్పు మందుది కాదు.

రక్తనాళాలను అడ్డుకునే ప్రతిదేహాల (యాంటీబాడీల) విషయంలోనూ ఇదే ఇబ్బంది. మనిషి అణువుకు మాత్రమే అతికే ప్రతిదేహం ఎలుక నాళాలను తాకదు. ఇక ప్రతిదేహం విషప్రభావం గురించి పీడీఎక్స్‌ను అడగడం దండగ. మనిషి లక్ష్యం కణితిలో మాత్రమే ఉంది, మిగతా శరీరమంతా ఎలుకదే కాబట్టి అది ఎప్పుడూ సురక్షితంగానే కనిపిస్తుంది.

మందును శరీరం ఏం చేస్తుందన్న దానిలో ఇంకా పెద్ద మోసం దాగి ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో వాడే ఇరినోటెకాన్ తనంతట తాను బలహీనమైనది. శరీరంలోని కార్బాక్సిల్ ఎస్టరేజ్ ఎంజైములు దాన్ని ఎస్‌ఎన్-38 అనే శక్తిమంతమైన రూపంలోకి మార్చాలి. ఎలుక రక్తరసంలో ఆ ఎంజైమ్ సమృద్ధిగా ఉంటుంది, మనిషి రక్తరసంలో అంతగా ఉండదు. అందువల్ల ఎలుకలో ఇరినోటెకాన్ మనిషిలో కంటే ఘనంగా పనిచేస్తుంది. కణితి అచ్చంగా రోగిదే అయినా ఫలితం రోగిది కాకపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ప్రతిదేహానికి మందును తగిలించి పంపే కొత్త తరం చికిత్సల్లో కొన్ని కొక్కేలను కూడా ఎలుక రక్తంలోని ఇటువంటి ఎంజైమే ముందుగా తెంపేస్తుంది. అక్కడ మోసం ఎదురు దిశలో జరుగుతుంది. మనిషి రక్తంలో చేరగల గాఢత ఎంతో తెలిసినప్పుడు, ఎలుకకు తట్టుకోగలిగినంతా ఇవ్వకుండా, ఆ గాఢతకు సరిపోయే మోతాదునే ఇవ్వాలి.

ఫలితాన్ని చదవడం

పీడీఎక్స్‌లకు ఉన్న చెడ్డపేరులో కొంత భాగం నిజానికి మన లెక్కల పద్ధతిది. మందు ఇవ్వని ఎలుకలో కణితి 200 ఘన మిల్లీమీటర్ల నుంచి 1,000కు, మందు ఇచ్చిన ఎలుకలో 200 నుంచి 600కు పెరిగిందనుకుందాం. పెరుగుదల 50% తగ్గిందని పరిశోధన పత్రంలో రాస్తారు. అదే కణితి మనిషిలో ఉంటే దాని పరిమాణం మూడింతలైంది, అంటే వ్యాసం దాదాపు 44% పెరిగింది. ఆంకాలజిస్టులు వాడే రెసిస్ట్ ప్రమాణాల ప్రకారం కణితుల వ్యాసాల మొత్తం 20% పెరిగితే జబ్బు ముదిరిందంటారు, 30% తగ్గితేనే పాక్షిక స్పందన అంటారు. ఎలుకలో విజయం, ఆసుపత్రిలో వైఫల్యం అని మనం వాపోయే చాలా సందర్భాల్లో ఎలుక చెప్పింది కూడా వైఫల్యమే. కణితి కుంచించుకుపోయిందా లేదా అన్నదే చూడండి.

అలా చూసినప్పుడు పీడీఎక్స్‌లు పరువు నిలబెట్టుకున్న సందర్భాలు లేకపోలేదు. ఇటలీలో 2011లో ప్రచురితమైన పరిశోధన ఒకటి, ఇతర అవయవాలకు పాకిన పెద్దపేగు క్యాన్సర్ నుంచి 85 అంటులను తయారుచేసి, సెటూక్సిమాబ్ అనే మందుకు లొంగని కణితుల్లో ఒక చిన్న వర్గంలో హెర్2 జన్యువు కాపీలు విపరీతంగా పెరిగి ఉన్నాయని, హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ లాంటి ఒక్క మందుతో కాకుండా జంట దాడితో అవి కుంచించుకుపోతాయని చూపింది. దాన్ని ఆధారం చేసుకుని జరిపిన హెరాక్లెస్ క్లినికల్ ట్రయల్‌లో ట్రాస్టుజుమాబ్, లపాటినిబ్ కలిపి ఇవ్వగా, అప్పటికే మిగతా చికిత్సలన్నీ అయిపోయిన 27 మందిలో 8 మంది కణితులు తగ్గాయి. ఇక్కడ కారణం కణితి కణంలోనే ఉంది, అంటే పైకొమ్మలో ఉంది. కణితుల సంఖ్య చిన్న వర్గం కూడా కనిపించేంత పెద్దది. ఆ రెండూ కలవడం వల్లే అది ఫలించింది.

ఇలాంటి పనినే 2015లో నోవార్టిస్ మందుల కంపెనీ పరిశోధకులు ఇంకా పెద్ద ఎత్తున చేశారు. దాదాపు 1,000 పీడీఎక్స్‌లు తయారుచేసి, ఒక్కో చికిత్సకు ఒక్కో రోగి కణితి నుంచి ఒక్క ఎలుకనే తీసుకుని, ఎలుకల మీద క్లినికల్ ట్రయల్ లాంటిదాన్ని నడిపారు. గణాంకాలు నేర్చుకున్నవారికి గుంపుకు ఒక్క ఎలుక అన్న మాట మొదట రుచించదు. కానీ రోగులకూ రోగులకూ మధ్య ఉండే తేడా, ఒకే కణితి మోసే రెండు ఎలుకల మధ్య తేడా కంటే చాలా ఎక్కువ. 40 ఎలుకలకే అనుమతి ఉంటే, 2 కణితులను 20 ఎలుకల చొప్పున పరీక్షించడం కంటే 20 కణితులను ఒక్కోదానికి మందుకు ఒకటి, పోలికకు ఒకటి చొప్పున పరీక్షించడం మేలు. ఒక్క కణితిలో యంత్రాంగాన్ని తవ్వి చూడాలనుకుంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది.

సెల్ లైన్ అంటుల కాలంలోనే ఈ పాఠం ఒకసారి దొరికింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 39 మందుల చరిత్రను 2001లో తిరగేసినప్పుడు, ఒక అవయవపు క్యాన్సర్ నమూనాలో పనిచేసినది అదే క్యాన్సర్ రోగుల్లో పనిచేస్తుందన్న సంబంధం మొత్తం మీద పెద్దగా కనిపించలేదు; పరీక్షించిన నమూనాల్లో మూడో వంతుకు పైగా పనిచేసిన మందులకు మాత్రం ఏదో ఒక క్యాన్సర్ రోగుల్లో ఫలితం ఉండే అవకాశం ఎక్కువగా కనిపించింది.

మిగతా ఎంపికలు

రోగనిరోధక చికిత్సను పరీక్షించేవారికి పీడీఎక్స్ మామూలు రూపంలో పనికిరాదు. వారికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఎలుక కణితినే అదే వంశపు ఆరోగ్యకరమైన ఎలుకలో పెంచడం. సీటీ26, ఎంసీ38 వంటివి ఈ కోవలోవి. ఇక్కడ వ్యవస్థ అంతా సంపూర్ణంగానే ఉంటుంది గానీ అంతా ఎలుకదే. పైగా ఈ రెండూ రోగనిరోధక చికిత్సకు తేలిగ్గా లొంగే కణితులు కాబట్టి వీటిలో వచ్చిన విజయానికి కొంత తరుగు తీసేసుకోవాలి. రెండవది ఎన్‌ఎస్‌జీ ఎలుకలో మనిషి మూలకణాలను ఎక్కించి మనిషి రోగనిరోధక వ్యవస్థను పెంచి, ఆపై కణితిని నాటడం. వినడానికి ఇదే ఆదర్శంగా ఉంటుంది. ఆచరణలో మూలకణాల దాత వేరు, కణితి దాత వేరు కావడంతో కణజాల పొంతన కుదరదు. మైలాయిడ్ కణాలనే రోగనిరోధక కణాల వర్గం సరిగా ఎదగదు, అందుకోసం మనిషి సైటోకైన్లు, అంటే రోగనిరోధక సంకేత అణువులు, ఉత్పత్తి చేసే ప్రత్యేక వంశాలు కావాలి. మూలకణాలకు బదులు పెద్దవారి రక్తకణాలను ఎక్కిస్తే కొద్ది వారాల్లోనే అవి ఎలుక శరీరం మీదే దాడి చేస్తాయి. మొదటి దారిలో యంత్రాంగం అర్థం చేసుకుని, రెండవదాన్ని మనిషి అణువుకు మాత్రమే అతికే మందు కోసం అట్టిపెట్టుకోవడం నా సలహా.

కణితి పుట్టుకను, ఆధార కణజాలాన్ని అధ్యయనం చేసేవారు జన్యుమార్పిడి ఎలుకలను ఎంచుకుంటారు. క్లోమ గ్రంథి క్యాన్సర్‌కు వాడే కేపీసీ ఎలుక వీటిలో ప్రసిద్ధమైనది. 2009లో దానితో చేసిన ఒక పరిశోధన, చర్మం కింద నాటిన కణితులు జెమ్‌సిటబిన్ అనే కీమోథెరపీ మందుకు లొంగుతుండగా కేపీసీ కణితులు రోగుల్లో మాదిరిగానే లొంగడం లేదని, దట్టమైన ఆధార కణజాలం, అరకొర రక్తనాళాలే అందుకు కారణమని చూపింది. అంటు నమూనాల మీద జన్యుమార్పిడి నమూనాకు అది ఘన విజయంగా కనిపించింది. హెడ్జ్‌హాగ్ అనే కణ సంకేత మార్గాన్ని అడ్డుకుంటే మందు లోపలికి చేరుతుందన్న అదే పరిశోధన సూచనను రోగుల్లో పరీక్షించినప్పుడు, కొత్త మందు తీసుకున్నవారి పరిస్థితే అధ్వానంగా ఉండడంతో 2012లో ట్రయల్‌ను ఆపేయవలసి వచ్చింది. ఆ కణజాలం కణితికి కొంత కళ్లెం కూడా వేస్తోందని తర్వాతి పరిశోధనల్లో తెలిసింది. ఒక ప్రశ్నకు సరైన జవాబిచ్చిన నమూనాయే పక్క ప్రశ్నకు తప్పుడు జవాబిచ్చింది.

సమయం తక్కువగా ఉన్నప్పుడు ఆర్గనాయిడ్లు, అంటే రోగి కణితి కణాలను జెల్‌లో త్రిమితీయంగా పెంచే పద్ధతి, ముందుకొస్తాయి. 2018లో ప్రచురితమైన జీర్ణకోశ క్యాన్సర్ల అధ్యయనంలో, ఆర్గనాయిడ్‌లో పనిచేస్తుందన్న మందు రోగిలో పనిచేయడం 88% సందర్భాల్లోనూ, పనిచేయదన్నది పనిచేయకపోవడం 100% సందర్భాల్లోనూ నిజమైంది. పోల్చిన సందర్భాలు తక్కువే కాబట్టి ఆ 100%ను యథాతథంగా తీసుకోకూడదు. అయినా పనికిరాని మందును ఏరిపారేయడంలో దాని బలం స్పష్టం. రక్తనాళాలు లేవు, కాలేయం లేదు, రోగనిరోధక కణాలు లేవు; కాబట్టి మందు కణితిని చేరుతుందా అన్న ప్రశ్నకు అది జవాబివ్వదు. ఎలుకలు లేని పద్ధతిగా దీన్ని ప్రచారం చేస్తుంటారు గానీ, చాలాచోట్ల వాడే మాట్రిజెల్ అనే జెల్ ఎలుక సార్కోమా కణితి నుంచే వస్తుందన్నది చిన్న వింత. వందల మందులను ఆర్గనాయిడ్లలో జల్లెడ పట్టి, మిగిలిన రెండు మూడింటిని అవే కణితుల పీడీఎక్స్‌లలో చూడడం ఖర్చుకూ నైతికతకూ రెండింటికీ అనుకూలమైన పద్ధతి.

మనదేశంలో, మన ఇళ్లలో

భారతదేశంలో ఏ ఎలుక ప్రయోగానికైనా సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. అక్కడ సభ్యులు అడిగే మొదటి ప్రశ్న ప్రత్యామ్నాయం లేదా అనే. 2023 మార్చిలో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించి, ఆర్గనాయిడ్లు, కణజాల చిప్‌లు వంటి జంతురహిత పద్ధతుల ఫలితాలకూ మనదేశం చోటిచ్చింది కాబట్టి ఆ ప్రశ్నకు ఇప్పుడు జవాబు ఇంకా జాగ్రత్తగా సిద్ధం చేసుకోవాలి. ఎన్‌ఎస్‌జీ ఎలుకలను సూక్ష్మజీవులు సోకని గదుల్లో ఉంచడం మన వాతావరణంలో, మన కరెంటు కోతల్లో చిన్న పని కాదు. కోరినిబాక్టీరియం బోవిస్ అనే బాక్టీరియా ఒక్కటి చొరబడితే చాలు, ఎలుకలు చిక్కిపోయి, అంటులు సరిగా పెరగక నెలల శ్రమ పోతుంది. ఆ వసతి లేని ప్రయోగశాల సొంతంగా పీడీఎక్స్ మొదలుపెట్టడం కంటే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని జాతీయ జంతు వనరుల కేంద్రం వంటి చోట్ల ఏ వసతి అందుతుందో ముందు కనుక్కోవడం తెలివైన పని.

రోగి కుటుంబాల నుంచి, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మన పిల్లల నుంచి, మరో రకమైన ప్రశ్న వస్తుంటుంది: నాన్న కణితిని ఎలుకలో పెంచి మందు ముందే పరీక్షిస్తామంటున్నారు, డబ్బు కట్టాలా? 92 మంది రోగులతో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎలుక ఫలితం, రోగి ఫలితం 129 చికిత్సల్లో 87% సార్లు కలిశాయి, అది చిన్న విషయం కాదు. అయితే ఆ సేవ అమ్మే సంస్థవారూ ఆ పరిశోధకుల్లో ఉన్నారు. అంటు పట్టినవారి లెక్క మాత్రమే అందులో ఉంది. అంటు పట్టి, తగినన్ని ఎలుకలకు విస్తరించి, మందు పరీక్షించేసరికి నెలలు గడుస్తాయి. చాలామంది రోగులకు అంత వ్యవధి ఉండదు. కణితి జన్యు పరీక్ష చేయించి, దానికి తగిన మందు గానీ ట్రయల్ గానీ ఉందేమో ముందు ఆంకాలజిస్టును అడగండి. అదేమీ లేదని తేలి, జబ్బు నెమ్మదిగా నడుస్తూ, ఆ ఖర్చు ఇంటిని కుంగదీయని పక్షంలోనే ఎలుక గురించి ఆలోచించాలి.

కొనేముందు, నాటేముందు

ఒకరి దగ్గర నుంచి పీడీఎక్స్ తీసుకుంటున్నప్పుడు కణితి పాసేజ్ సంఖ్య, మూల కణితి డీఎన్‌ఏ గుర్తింపు, సూక్ష్మదర్శిని చిత్రాలు అడగడం అందరికీ తెలిసిందే. అంతగా పట్టించుకోనిది ఎప్‌స్టీన్-బార్ వైరస్. పెద్దవారిలో అత్యధికుల బీ కణాల్లో ఆ వైరస్ నిద్రాణంగా ఉంటుంది. కణితి ముక్కతో వచ్చిన అలాంటి కణాలను అదుపు చేసే టీ కణాలు ఎలుకలో లేకపోవడంతో, నాటిన కడుపు లేదా ఊపిరితిత్తుల క్యాన్సర్ స్థానంలో మనిషి లింఫోమా పెరుగుతుంది. డీఎన్‌ఏ గుర్తింపు పరీక్ష అది ఆ రోగిదేనని నిజమే చెబుతుంది, కాబట్టి పొరపాటు బయటపడదు. తెల్లరక్తకణాలను గుర్తుపట్టే సీడీ45 రంజనంతో ఒక స్లైడ్ చూస్తే తెలిసిపోయే విషయానికి ఏళ్ల పని పణంగా పెట్టకూడదు.

రేడియేషన్ గానీ డీఎన్‌ఏను దెబ్బతీసే మందు గానీ మీ ప్రయోగంలో ఉంటే ఎన్‌ఎస్‌జీ ఎలుక వద్దు. స్కిడ్ ఉత్పరివర్తన డీఎన్‌ఏ మరమ్మతునే పాడుచేస్తుంది కాబట్టి ఆ ఎలుక మామూలు మోతాదుకే కుప్పకూలుతుంది; రాగ్ జన్యువు తొలగించిన ఎన్‌ఆర్‌జీ వంశం అక్కడ సరైనది. ఈస్ట్రోజెన్ మీద ఆధారపడే రొమ్ము క్యాన్సర్‌ను చర్మం కింద కాకుండా ఎలుక పాలనాళాల్లో నాటితే మెరుగ్గా పడుతుంది. సీక్వెన్సింగ్ చేసినప్పుడు ఎలుక డీఎన్‌ఏను విశ్లేషణలో వేరు చేయకపోతే, రెండు జాతుల మధ్య ఉన్న సహజమైన తేడాలే కొత్త ఉత్పరివర్తనల్లా కనిపిస్తాయి.

అన్నిటికంటే ముందు అడగవలసింది ఆ కణితి దాత ఏ చికిత్సలు పొందాడు, ఎలా స్పందించాడు అన్న వివరం. అది దొరికితే మీ కొత్త మందుకు ముందు, రోగి తీసుకున్న పాత మందునే, మనిషి మోతాదుకు సరిపడేలా ఆ ఎలుకకు ఇచ్చి చూడండి. రోగిలో కరిగిన కణితి ఎలుకలో కరగకపోయినా, రోగిలో మొండికేసింది ఎలుకలో కరిగినా, కారణం తెలిసేదాకా ఆ నమూనాను ద్రవ నైట్రోజన్‌లోనే ఉంచి మరొకదాన్ని ఎంచుకోండి.